ఆరో కెమెరా

"ఇవాళ ఎవడో ఒకడి ఉద్యోగం ఊడాల్సిందే!" అంటూ యజమాని బల్ల మీద గుద్దాడు.

యజమానితో సహా అందరూ తెల్ల చొక్కాలే వేసుకునే ఆ పరుపుల దుకాణంలో, ఆ దెబ్బకి ముందుగా ఉలిక్కిపడింది ఆయన బావమరిది. గుమ్మడికాయల దొంగ ఎవరని అడగకముందే భుజాలు తడుముకునే రకం అతను. మధ్యాహ్నం పరుపుల మీద కునుకు తీస్తాడని బావగారి అనుమానం. భార్య తమ్ముణ్ణి ఊరికే తీసేస్తే ఇంట్లో అన్నం దొరకదు కనుక, సాక్ష్యం కోసం కెమెరాలు పెట్టించాడు. ఐదు కెమెరాలు పరుపుల వైపు. ఆరోది తన కుర్చీ వెనక, గోడ మీద బాగా పైన. తను లేనప్పుడు ఆ కుర్చీలో ఎవరు కూర్చుంటారో చూడాలట.

కెమెరాలు బిగించడానికి వచ్చిన అమ్మాయి మూలనున్న కంప్యూటర్ ముందు కూర్చుని, నల్లటి తెర మీద పొడవాటి వాక్యం ఒకటి టైపు చేస్తోంది.

"ఏంటమ్మాయ్ ఇది? బొమ్మల్లేవు, రంగుల్లేవు. చీమల బారులా ఆ అక్షరాలేంటి? కెమెరాలు చూపించమంటే ఉత్తరం రాస్తున్నావా?"

"ఇది ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే ప్రోగ్రామ్ సార్. ఆరు కెమెరాల వీడియోలూ తీసుకుని, చిన్నవి చేసి, ఒకే తెర మీద ఆరు గళ్ళుగా పేర్చి మీ ఫోన్‌కి పంపిస్తుంది. ఎలా పంపాలో మనం ఈ ఒక్క వాక్యంలో చెప్పాలి."

"పేరు పలకడానికే నోరు తిరగట్లేదు. సరే, మాటలు కూడా వినపడాలి. వీళ్ళు నా వెనక నన్నేమంటారో తెలియాలి నాకు."

"వినపడతాయి సార్. కానీ ఈ కంప్యూటర్ మరీ పాతది. ఆరింటినీ కలిపి పంపేసరికి ఆలస్యమవుతుంది. ఇక్కడ జరిగింది మీకు మూడు నాలుగు నిమిషాల తర్వాత కనపడుతుంది."

"లైవ్ అంటే లైవే! అందులో ఆలస్యమేంటి? కంప్యూటర్ పాతదైతే కెమెరా నిదానంగా చూస్తుందా? బోడిగుండుకీ మోకాలికీ ముడిపెట్టకు."

అమ్మాయి ఎంటర్ నొక్కింది. నల్ల తెర మీద అంకెలు గబగబా పరుగెత్తాయి.

యజమాని కుర్చీలో వెనక్కి వాలాడు. జేబులోంచి దువ్వెన తీసి నుదుటి మీది ఒత్తు జుట్టుని ముద్దుగా పైకి దువ్వుకున్నాడు. పరుపుల మధ్య నిలబడ్డ బావమరిది వైపు చూస్తూ, పొద్దున్నుంచి పాడుతున్న పాటే మరోసారి పాడి లేచాడు.

"పద అమ్మాయ్, పై గదిలోంచి చూద్దాం. నేను లేననుకుంటేనే వీళ్ళ అసలు రంగు బయటపడేది." ఏదో చప్పరిస్తూ మెట్లెక్కాడు.

పై గదిలో ఫోన్ తెరిచాడు. చక్రం తిరిగింది. ఇంకా తిరిగింది. చివరికి ఆరు గళ్ళు ప్రత్యక్షమయ్యాయి. ఐదింట్లో పరుపులు మర్యాదగా ఖాళీగా ఉన్నాయి. ఒకదాని పక్కన బావమరిది, బడిలో శిక్ష పడ్డ పిల్లాడిలా నిటారుగా నిలబడి ఉన్నాడు.

యజమాని ముఖం వాడిపోయింది. ఇంత ఖర్చు పెట్టించి, కనీసం ఆవలించకపోవడం ద్రోహం కాదూ!

అంతలో ఆరో గడి మీద చూపు పడింది. ముఖం వెలిగిపోయింది.

"నా కుర్చీ! నేనిలా లేచానో లేదో, ఎవడో ఎక్కి కూర్చున్నాడు!"

వేలితో నొక్కి ఆ గడిని పెద్దది చేశాడు. బొమ్మ మసకగా ఉంది. పైనుంచి కావడంతో ఆ మనిషి నడినెత్తి ఒక్కటే బాగా కనపడుతోంది. నున్నగా, తోమిన పళ్ళెంలా మెరుస్తోంది. ఆ మెరుపు కిందనుంచి ఒక చెయ్యి ముందుకు సాగి, పిల్లల కోసం పెట్టిన చాక్లెట్ల సీసా మూత తీసింది. ఒకటి నోట్లోకి, గుప్పెడు జేబులోకి పోయాయి.

"పిల్లల చాక్లెట్లు! సిగ్గులేని వెధవ!"

"సార్, ఆలస్యమని చెప్పాను కదా, అది..."

"నువ్వు ఊరుకో అమ్మాయ్! లైవ్‌లో దొరికాడు. ఒరేయ్ బావమరిదీ! పైకి రా!"

బావమరిది ఆయాసపడుతూ వచ్చాడు. ఫోన్ చూశాడు. అమ్మాయిని చూశాడు. అమ్మాయి ఫ్యాన్‌ని చూసింది.

"ఎవడ్రా ఈ బట్టతలవాడు?"

"తెలిసినాయనే బావగారూ."

"నీ స్నేహితుడా?"

"అంత అదృష్టం కూడానా! చుట్టం."

"అనుకున్నా! ఎవరి తరఫు?"

"అక్క తరఫే."

"మీ వాళ్ళని నా నెత్తిన ఎక్కించుకుంటే ఇలాగే ఉంటుంది! వాడు మళ్ళీ ఆ కుర్చీ ముట్టుకోకూడదు. ఇప్పుడే బయటికి పంపించెయ్."

"మరి కుర్చీలో ఎవరు కూర్చోవాలి బావగారూ?"

"ఇవాళ్టినుంచి నువ్వే కూర్చో. నువ్వు నిద్రపోయినా పోతావేమోగానీ పసిపిల్లల నోటి దగ్గరివి తినవు."

"మాట మారరు కదా?"

"మా వంశంలోనే లేదు. అమ్మాయ్, నువ్వే సాక్షి. అవునూ, మాటలు వినపడతాయన్నావ్, వినపడవేం?"

"సౌండ్ పెంచండి సార్."

యజమాని మీట నొక్కాడు. తెర మీది బట్టతల మనిషి వెనక్కి వాలి, జేబులోంచి దువ్వెన తీసి, నుదుటి మీద ముద్దుగా దువ్వుకుని గట్టిగా అరిచాడు.

"ఇవాళ ఎవడో ఒకడి ఉద్యోగం ఊడాల్సిందే!"