కొత్త టైర్లు, తడి రాళ్లు

"దిగు, దిగు! జల్ది దిగు బిడ్డా!"

విజిల్ ఊదుకుంటూ రోడ్డు మధ్యకు ఉరికొచ్చాడు ఖాకీ బట్టల మనిషి. షారోన్ రెండు బ్రేకులూ పట్టేసింది. కొత్త టైర్లు రోడ్డుకు పరిచిన రాళ్ల మీద కీచుమన్నాయి. అతనికి జానెడు దూరంలో సైకిల్ ఆగింది.

"ఏమైందన్నా?"

"దొంగ! మా దుకాణంలకెల్లి చీరల మూట ఎత్తుకొని గుల్జార్ హౌజ్ దిక్కు ఉరుకుతుండు. సైకిల్ ఇయ్యి!"

షారోన్ తల తిప్పి చూసింది. ఆదివారం పొద్దున ఆరు గంటలు. పత్తర్‌గట్టి బజారులో షట్టర్లన్నీ మూసే ఉన్నాయి. దూరంగా మలుపు దగ్గర పావురాల గుంపు ఒక్కసారిగా పైకి లేచింది.

"అన్నా, ఇది రేసు సైకిల్. టైర్లు నిన్ననే ఏసినం. నీతోని గాదు..."

"మాటలు తర్వాత బిడ్డా! వాడు దొర్కకుంట పోతడు!"

ఆమె ఒక కాలు కింద పెట్టిందో లేదో, హ్యాండిల్ అతని చేతిలోకి వెళ్లిపోయింది. యాభై దాటిన మనిషి. రబ్బరు చెప్పులతోనే ఆ చిన్న పెడళ్లు తొక్కుతూ, ముందుకు వంగి, చూస్తుండగానే మలుపు తిరిగి మాయమయ్యాడు.

షారోన్ వెంటపడబోయింది. సైకిల్ బూట్లకు అడుగున గట్టి బిళ్లలుంటాయి. అవి రాళ్ల మీద జర్రున జారాయి. నాలుగడుగులు వేసేసరికి పడబోయి, పక్కనున్న చాయ్ బండిని పట్టుకుంది.

"పైలం అక్కా!" అన్నాడు బండి నడిపే గోవర్ధన్, పాలగిన్నెకు చెయ్యి అడ్డం పెడుతూ. "ఏమైంది?"

"వాచ్‌మన్ నా సైకిల్ తీస్కపోయిండు. దొంగ వడ్డడంట."

"ఏ వాచ్‌మన్?"

"గీ చీరల దుకాణం వాచ్‌మన్."

గోవర్ధన్ గరిటె తిప్పడం ఆపాడు. "గా ముసలాయన మొన్ననే పని ఇడిచిపెట్టిండు గదా. కొత్తోన్ని పెట్టిన్రని నాకైతే తెల్వది. ఖాకీ అంగీ ఏసుకున్నోడల్లా వాచ్‌మనా అక్కా?"

షారోన్ మళ్లీ ఖాళీ మలుపు వైపు చూసింది. వచ్చే ఆదివారమే పందెం. నూరు కిలోమీటర్లు. ఆమెకు అదే మొదటిది. కొత్త టైర్లు రాళ్ల మీద, తడి మీద ఎలా నిలుస్తాయో చూసుకుందామని కిషన్‌బాగ్ నుంచి పొద్దున్నే వచ్చింది. భర్తకు ఫోన్ చేసింది.

"డానియేలూ, సైకిల్ పోయింది."

"ఏందీ? టైర్లు గూడనా?"

"టైర్లు ఊడదీసి నాకిచ్చి పోతడా?"

"అయ్యో, గవి ఎక్కియ్యనీకె నిన్న నా బొటనవేళ్లు వాసినయి! నువ్వు ఆడనే ఉండు, వస్తున్న."

గోవర్ధన్ చాయ్ పోసి ఇచ్చాడు. ఆమె గ్లాసు పట్టుకుని మలుపు వైపే చూస్తూ నిలబడింది. ఐదు నిమిషాలైంది. పది నిమిషాలైంది. చాయ్ మీద మీగడ కట్టింది.

"ఠాణాకు పోదాం పా అక్కా. బండి మా తమ్మునికి జెప్పి నేను గూడ వస్త," అన్నాడు గోవర్ధన్.

ఆమె గ్లాసు కింద పెట్టింది. అప్పుడే వినిపించింది, సర్రుమని పట్టుబట్ట చింపినట్టు, రాతి మీద సన్న టైర్ల చప్పుడు.

మలుపు దగ్గర సఫాయి వాళ్లు కడిగిన నీళ్లు ఇంకా ఆరలేదు. ఆ తడి మీద పొద్దుటి నుంచి ఆమె రెండుసార్లు తిరిగింది, రెండుసార్లూ బ్రేకులు పట్టుకుని, ఊపిరి బిగబట్టి. ఖాకీ మనిషి బ్రేకు ముట్టుకోనేలేదు. లోపలి మోకాలు కొంచెం బయటికి పెట్టి, సైకిల్‌ను ఒంచి, ఒక్క ఊపున మలుపు తిరిగాడు. టైర్లు వెంట్రుకవాసి కూడా జారలేదు.

షారోన్ చాయ్ బండి వదిలి రెండడుగులు ముందుకు వేసింది.

అతను దిగి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని రొప్పాడు. చొక్కా అంతా తడిసిపోయింది. ఆమె మొదట రెండు చక్రాలూ తిప్పి చూసుకుంది. గీత కూడా పడలేదు.

"నువ్వెవరన్నా? నిన్నెప్పుడు సూడలే," అన్నాడు గోవర్ధన్ అనుమానంగా.

"ఓదెలు. నిన్ననే డ్యూటీల చేరిన." నడుముకు వేలాడుతున్న దుకాణం తాళాలు చూపించాడు. తర్వాత షారోన్ వైపు తిరిగాడు. "టైర్లు మస్తున్నయి బిడ్డా. ఎనక టైరుకు రంది లేదు. ముందటి టైరుకు గాలి జర ఎక్కువైంది. రాళ్ల మీద ఎగురుతుంది. కొంచెం తీసెయ్యి."

ఆమె నమ్మీ నమ్మనట్టుగా వాల్వు నొక్కింది. తుస్సుమని కొంత గాలి పోయింది. సైకిలెక్కి మలుపు దాకా వెళ్లింది. ఈసారి బ్రేకుల మీద నుంచి వేళ్లు తీసేసింది. సైకిల్ ఒంగింది, తడి రాళ్లను అంటిపెట్టుకుని తిరిగింది. ఇంకోసారి తిరిగింది. మూడోసారికి తనకు తెలియకుండానే నవ్వుతోంది.

వెనక్కి వచ్చి డానియేలుకు ఫోన్ చేసి, "రాకు, సైకిల్ దొరికింది. టైర్లు బంగారం," అని చెప్పింది. ఓదెలుకు చాయ్ ఇప్పించింది. అతను ఊదుకుంటూ తాగుతుంటే అప్పుడు గుర్తొచ్చింది.

"అన్నా, ఇంతకీ దొంగ దొరికిండా?"

గోవర్ధన్ కూడా గరిటె ఆపి చూశాడు. ఓదెలు గ్లాసులోకి చూస్తూ విజిల్ తాడును వేలికి చుట్టుకున్నాడు.

"దొంగ లేడు, గింగ లేడు బిడ్డా," అన్నాడు మెల్లగా. "ఊకె అడిగితే ఇస్తుంటివా?"