నాలుగు వేళ్ళ గుడ్డ

ప్యాంటు గుండీ తెగి, ఎగిరి, సరిగ్గా ఇన్‌స్పెక్టరు బూటు ముందు పడింది.

బస్సు డిపో గేటు దగ్గర తనిఖీకి వరుసలో నిలబడ్డ వాళ్ళంతా పగలబడి నవ్వారు.

నడుము దగ్గర ఖాకీ ప్యాంటును గుప్పిట పట్టుకున్న డ్రైవరుకు మాత్రం అరికాలి మంట నెత్తికెక్కింది.

నేరుగా గేటు పక్కనున్న కుట్టుగదిలోకి వెళ్ళి, తువ్వాలు చుట్టుకుని ప్యాంటు విప్పి ఇచ్చాడు.

డిపో ఇచ్చిన గుడ్డ, డిపో పెట్టిన దర్జీ. ఇంకోచోట కుట్టించుకునే వీల్లేదు. ఆ ముసలి దర్జీ నోటికి జడిసి అందరూ ఆయనకు సూదిమందు అని పేరు పెట్టారు.

"రెండంగుళాలు వదులు చెయ్యి," అన్నాడు డ్రైవరు.

దర్జీ మిషను ఆపలేదు. "లోపల గుడ్డ లేదు నాయనా. నువ్వే తగ్గు."

"ప్యాంటు కోసం నేను తగ్గాలా?"

"మూడు నెలల్లో డాక్టరు పరీక్ష ఉందిగా. నీ పొట్ట అప్పుడే స్టీరింగుకి ఆనుతోంది."

పుండు మీద కారం చల్లినట్టయింది.

నిరుడు రక్తపోటూ, రక్తంలో కొవ్వూ చూసిన డాక్టరు, గుండె మీద భారం పడుతోందనీ, మళ్ళీ ఇలాగే వస్తే బస్సు ఎక్కనివ్వననీ చెప్పాడు. స్టీరింగు పోతే ఇక బస్సులు కడిగే షెడ్డే గతి. ఆ మాట అతను భార్యకు కూడా చెప్పలేదు.

తలెత్తి చూస్తే, గోడ మేకుకు పాత ఖాకీ ప్యాంటు ఒకటి వేలాడుతోంది. నడుము దగ్గర ఒకదాని పక్కన ఒకటి, కుట్టు విప్పిన గీతలు నాలుగు.

"వీడెవడికో నాలుగుసార్లు వదులు చేశావే. నీ అల్లుడా?"

మిషను ఆగింది. ముసలాయన గుండీ కుట్టి, దారం తెంపి, ప్యాంటు అతని చేతిలో పెట్టాడు.

ఆ రోజు నుంచి డ్రైవరు కక్షతో తిన్నాడు, కక్షతో నడిచాడు. వేపుళ్ళు పక్కకి నెట్టేశాడు. టీలో చక్కెర మానేశాడు. బల్ల మీంచి ఉప్పు డబ్బా తీయించాడు. డిపో నుంచి ఇంటిదాకా అడుగుకో తిట్టు. సిగరెట్టు వెలిగించబోతే 'నువ్వే తగ్గు' అన్న గొంతు వినబడేది. నలిపి పారేసేవాడు.

ఇదేం పథ్యమని భార్య అడిగింది. పథ్యం కాదు, పగ అన్నాడు. అయితే పగకి ఇంకో రెండు కిలోల కూరగాయలు తెమ్మంది.

నిజానికి ఆ కోపం అతనికి కావాలి. అది కాస్త చల్లారిన రోజున కింద ఇంకేదో కదిలేది. అదేమిటో తొంగి చూసే ధైర్యం లేక, మళ్ళీ ముసలాడిని తిట్టుకునేవాడు.

పరీక్ష నెగ్గాడు. కాయితాలు రెండుసార్లు తిరగేసి, ఏ మందు వాడావని డాక్టరు అడిగాడు.

నెగ్గినా మంట ఆరలేదు. ఆ సాయంత్రమే మేనేజరుకు అర్జీ రాశాడు: దర్జీ సిబ్బందిని అవమానిస్తున్నాడు, ప్యాంట్ల గుడ్డ కొట్టేస్తున్నాడు. గుండీ చూసి నవ్విన వాళ్ళే కింద సంతకాలు పెట్టారు.

పది రోజుల్లో ముసలాయనను తీసేశారు. ఆయన ఎవరితోనూ వాదించలేదట.

కొత్త దర్జీ వచ్చాడు. ఇప్పుడు ప్యాంటు జారిపోతోంది. బిగించమని ఇచ్చాడు డ్రైవరు.

కుట్టు విప్పి కొత్త దర్జీ ఆశ్చర్యపోయాడు. "ఎవరు కుట్టారండీ ఇది? లోపల నాలుగు వేళ్ళ గుడ్డ వదిలాడు. మీరు ఇంకెంత లావైనా సరిపోయేది."

డ్రైవరు మొహంలోకి రక్తం ఎగదన్నింది. ఉంచుకుని కూడా లేదన్నాడు. మూడు నెలలు తనని ఆడించాడు.

ఆ ప్యాంటు చేత్తో పట్టుకుని గేటు దగ్గరికి విసురుగా వెళ్ళాడు. ముసలాడి ఇల్లెక్కడో చెప్పమని వాచ్‌మన్‌ని నిలదీశాడు.

ఇల్లు ఖాళీ చేసి ఎటో వెళ్ళిపోయాడని చెప్పాడు వాచ్‌మన్. కత్తెరా టేపూ కూడా ఇక్కడే వదిలేసి, మేకుకున్న ఆ పాత ప్యాంటు ఒక్కటే మడతపెట్టి సంచిలో పెట్టుకున్నాడట.

"ఎవడిదది?"

"నువ్వు రాకముందు ఇక్కడో డ్రైవరు ఉండేవాడులే బాబూ. నలభై రెండేళ్ళ వాడు. బస్సు పక్కకి తీసి ఆపి, స్టీరింగు మీదే వాలిపోయాడు, గుండె ఆగి."

డ్రైవరు చేతిలోంచి ప్యాంటు జారింది.

"బిగుతైందని వాడు అడిగినప్పుడల్లా నోరెత్తకుండా వదులు చేసిచ్చేవాడు ముసలాయన, కన్నతండ్రి కదా."