అడిగే మనిషి

బస్సు దిగి ఎలోడియా ఇంటి వైపు రాబోయిన కుర్రాడు మధ్యలోనే ఆగి, మళ్ళీ అదే బస్సెక్కేశాడు.

"చూశావా? వీడూ పోయాడు!" అంది ఎలోడియా కోడలితో. "ఆ మాయలాడి ఏం చెబుతోందో గానీ!"

వానలు మొదలైతే మనసు బాధకి మందుగా తినే పుట్టగొడుగుల కోసం ఆ కొండ ఊరికి ఎక్కడెక్కడి వాళ్ళో వస్తారు. వాటిని తినిపించి, పక్కన కూర్చుని పాడి, బాధ పోగొట్టడంలో ఎలోడియాని మించినవాళ్ళు లేరు. అలాంటిది ఈ ఏడు ఎవరో పట్నం ఆవిడ, సరిగ్గా ఆమె గుమ్మానికి ఎదురుగా బస్సు ఆగేచోట బల్ల వేసుకుని కూర్చుంది. దిగినవాళ్ళు ముందు అక్కడే ఆగుతున్నారు. కొందరు అటునుంచి అటే వెళ్ళిపోతున్నారు.

ఎలోడియాకి కడుపు మండిపోయింది. చేతులు మొక్కజొన్న ఒలుస్తున్నాయన్న మాటేగానీ చూపంతా ఆ బల్ల మీదే. ఆవిడ నవ్వితే మంట. ఆవిడకి ఎవరైనా కాఫీ ఇస్తే మరీ మంట.

ఆరోజు ఇక ఉండబట్టలేక వెళ్ళి నిలదీసింది.

"ఏమమ్మా, నా గుమ్మం ముందే దుకాణం తెరిచావ్?"

"అమ్మేదేం లేదమ్మా. అడుగుతానంతే."

"ఏం అడుగుతావ్?"

"డాక్టరిచ్చిన మందులేమైనా వాడుతున్నారా అని. కొన్నిటి మీద పుట్టగొడుగులు తింటే ప్రాణం మీదికొస్తుంది. మీరూ ఒక్కమాట అడగండమ్మా."

ఎలోడియా భగ్గుమంది.

"మా అమ్మ అడగలేదు, మా అమ్మమ్మ అడగలేదు! ఈ పుట్టగొడుగులే మా చిన్న దేవుళ్ళు, మనిషి లోపలేముందో వాళ్ళే చెబుతారు. అడిగామంటే వాళ్ళని నమ్మనట్టే. నాకే నేర్పొచ్చావా?"

ఆదివారం ఊరి సభలో లేచి నిలబడింది.

"ఈవిడ పోలీసుల మనిషి. రేపు మనందర్నీ జైల్లో వేయిస్తుంది."

ఆ మాట ఆమె అప్పటికప్పుడు పుట్టించింది. చట్టం దృష్టిలో పుట్టగొడుగులు ఇంకా మత్తుమందే కాబట్టి ఊరు ఇట్టే నమ్మింది.

ఆవిడ వాదించలేదు. "నా బదులు ఎవరైనా అడగండి" అని మాత్రం చెప్పి బస్సెక్కింది.

"పీడ విరగడైంది!" అంది ఎలోడియా. ఆ పూట రొట్టెలు కడుపునిండా తింది.

వానలు వెనకబట్టాక రాజధానిలో చర్చ మొదలైంది. పుట్టగొడుగుల మీద నిషేధం ఉంచాలా, తీసేయాలా? మధ్యాహ్నం పూట ఊరంతా రేడియోల దగ్గర చేరింది.

"అత్తయ్యా, ఆ గొంతు ఆవిడదే!" అంది కోడలు.

"అక్కడిదాకా ఎక్కిందా? నా మీద ఏం నూరిపోస్తోందో విను!"

"నిషేధం తీసేయండి" అంటోందావిడ. "తినిపించే తల్లుల్ని జైల్లో పెట్టకండి. అడగడం నేర్పండి చాలు. నా కొడుకు మనసు బాగోక మందులు మింగుతుండేవాడు. ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు. ఆ కొండమీద పుట్టగొడుగులు తిని, తెల్లారి ఇంటికొచ్చే బస్సులోనే ప్రాణం వదిలాడు."

"ఎవరింట్లో తిన్నాడమ్మా?" అని రేడియోలో అడిగారెవరో.



"ఆ పేరు చెప్పనండి. వానాకాలమంతా ఎదురుగా కూర్చుని, ఆ తల్లికే చెప్పలేకపోయాను."