నల్లజుట్టు సవరణ

"ఫొటోలో అక్క జుట్టు కాస్త నల్లగా చేసి వెయ్యండి బావగారూ. బతికుండగా ఎంత బతిమాలింది!" అంది మరదలు.

బతిమాలిన మాట నిజమే. నా భార్య హెడ్‌మిస్ట్రెస్. ఆమె బడి ఫొటో మా పత్రికలో పడినప్పుడల్లా అడిగేది. ఫొటో ఎడిటర్‌ని నేనే. "కావాలంటే తలకు రంగు వేసుకో, వార్త ఫొటోకి వెయ్యను" అనేవాణ్ణి. ఫొటోలో మబ్బుల్ని నల్లగా దిద్ది తుఫాను తెచ్చిన ఫొటోగ్రాఫర్‌ని ఇంటికి పంపినవాణ్ణి మరి.

ఈసారి ఆమె మరణవార్త. గది తలుపు వేసుకుని, నా చేత్తోనే జుట్టు నల్లగా దిద్దాను. ఎంత నలుపు చాలో చెప్పే మనిషి లేదు.

మర్నాడు అదే పేజీలో సవరణ వేశాను: "నిన్నటి హెడ్‌మిస్ట్రెస్ ఫొటోలో తెల్లజుట్టును నల్లగా మార్చాం. ఆ పని చేసింది ఫొటో ఎడిటర్. అందుకు ఆయన చింతించడం లేదు."

పత్రిక చూడగానే మరదలు ఫోను చేసింది. "మతి పోయిందా బావగారూ? అక్క తెల్లజుట్టు సంగతి ఊరంతా టముకు వేశారు! తనే ఉంటే మీతో వారం రోజులు మాట్లాడేది కాదు."

"వారమేగా" అన్నాను.