ఆదివారం ఆడిట్

“ఈ ఆదివారం కూడా ఆడిటేనా?”

బూటు లేసు కట్టుకుంటున్న సేల్స్ ఆఫీసర్ తల ఎత్తలేదు. ఎత్తితే భార్య కళ్ళలోకి చూడాల్సి వస్తుంది.

“ఆడిటే. నాకేమన్నా సరదానా? మేనేజరు రమ్మంటే పోక చస్తానా?”

“పిల్లల సెలవులు అయిపోవస్తున్నాయి. ఒక్క రాత్రి చెరువు గట్టున డేరా వేసుకుని పడుకుందామని వాళ్ళు ప్రాణం తీస్తున్నారు. డేరాలు అమ్మే కంపెనీలో ఉద్యోగం, కన్నపిల్లలకి డేరా నీడ లేదు!”

“వచ్చేవారం చూద్దాంలే.”

“మీ వచ్చేవారం ఈ జన్మకి రాదు. అందుకే రాత్రి మీ మేనేజరుగారి భార్యకి ఫోన్ చేసి, ఈ డేరా గోలంతా చెప్పి అడిగాను. ఆవిడా ఆడిటనే అంది.”

లేసు దగ్గర ఆగిన చేతులు మళ్ళీ కదిలాయి. మేనేజరు తన ఇంట్లోనూ అదే మాట చెప్పాడన్నమాట. మహానుభావుడు, అనుకున్నాడు సేల్స్ ఆఫీసర్.

ఆమె బీరువా వెనకనుంచి డేరా బయటికి లాగింది. కంపెనీ వార్షికోత్సవానికి ఉద్యోగులందరికీ ఇచ్చిన నీలం డేరా అది. వేసింది ఒకే ఒక్కసారి. అప్పుడు నిప్పురవ్వ పడి కాలిన చోట ఆమే ఎర్రగుడ్డ అతుకు వేసింది.

“మీరు రాకపోతే మానె. మేమే పోతాం. ఈసారి మీకు బుద్ధొచ్చే చోటే వేస్తాం డేరా!”

“వేసుకో పో!” అని తలుపు ధడేలున వేసి బయటపడ్డాడు.

నిజానికి ఆడిట్ మంత్రం ఉపదేశించింది మేనేజరే. “గోల్ఫ్ అంటే ఇంట్లో రామాయణం మొదలవుతుందోయ్. ఆడిట్ అను. నోరు మూసుకుంటారు,” అన్నాడు వేసవి మొదట్లో. అప్పటినుంచీ ఆదివారాలన్నీ మేనేజరుకే అంకితం. గోల్ఫ్ కిట్టు ఆఫీసు అల్మారాలోనే ఉంటుంది. మొదట్లో ఎండకి తల మాడిపోయేది. ఇప్పుడు ఆటలో కాస్త రుచి కూడా తగిలింది. అయినా ఆటకన్నా రుచికరమైనది ఇంకొకటుంది. కొత్త బ్రాంచికి హెడ్‌గా ఎవరిని పంపాలో తేల్చేది మేనేజరే. ఆ కుర్చీ కోసమే సేల్స్ ఆఫీసర్ ఆయన ప్రతి మాటకీ తల ఊపుతాడు. ఆఫీసులో అతన్ని చాటుగా గంగిరెద్దు అంటారు.

“మొహం అలా వేలాడేశావేం?” అన్నాడు మేనేజరు, గోల్ఫ్ మైదానంలో బంతి ముందు కాళ్ళు సర్దుకుంటూ.

“ఇంట్లో గొడవ సార్. డేరా కావాలట.”

“చనువిస్తే చంకెక్కుతారు. మా ఇంట్లో డేరా ఇచ్చినది ఇచ్చినట్టే అటక మీద పడుంది. కట్టు విప్పే ధైర్యం ఎవరికుందక్కడ?”

గంగిరెద్దు తల ఊపింది. మేనేజరు కొట్టిన బంతి ఎదురుగా ఉన్న దిబ్బ దాటి అవతల పడింది.

ఇద్దరూ దిబ్బ ఎక్కారు. ఎక్కి, అక్కడే నిలబడిపోయారు. బంతి పడాల్సిన గుంత దగ్గరి జెండా పక్కన, నున్నగా కత్తిరించిన పచ్చిక మీద, నీలం డేరా. జిప్పు వేసి ఉంది. గుడ్డ మీద మడతలు ఇస్త్రీ పెట్టినట్టు నిలబడి ఉన్నాయి. మేనేజరు బంతి దొర్లుకుంటూ పోయి దాని అంచున ఆగి ఉంది.

తోటమాలి పరుగెత్తుకొచ్చాడు. “నేనెంత చెప్పినా వినలేదు సార్! ఎవరో ఆవిడ. ‘మా ఆయన ఇక్కడే ఆడిట్ చేస్తున్నాడట, వచ్చేదాకా కదలను’ అంటోంది.”

సేల్స్ ఆఫీసర్ డేరా వంక చూశాడు. అన్నంత పనీ చేసింది!

మేనేజరు మొహం కందగడ్డ అయింది. “ఎవరోయ్ అది? మీ ఆవిడేనా? చెప్పు, మీ ఆవిడేగా?”

కాదంటే సరిపోతుంది. కుర్చీ దక్కుతుంది. కానీ నోరు వేరే మాట పలికింది.

“అవును సార్. మా ఆవిడే.”

మేనేజరు గట్టిగా ఊపిరి వదిలాడు. ఆ తర్వాత రెచ్చిపోయాడు. “సిగ్గులేదా? పెళ్ళాన్ని అదుపులో పెట్టుకోలేనివాడివి బ్రాంచి ఏం ఏలుతావ్? ఒరేయ్ మాలీ, ఆ మేకులు పీకి అవతల పారెయ్!”

తోటమాలి వంగాడు.

“మేకు మీద చెయ్యి పడిందో, ఊరుకోను!” సేల్స్ ఆఫీసర్ గొంతు అతనికే కొత్తగా వినిపించింది. “లోపల నా పెళ్ళాం పిల్లలున్నారు.”

“ఆ కుర్చీ మీద ఆశ వదులుకో మరి.”

“కుర్చీ మీ నెత్తిన పెట్టుకోండి. ఈ ఎండలో మీ వెనక కుక్కలా తిరిగింది చాలు!”

చేతిలో గోల్ఫ్ కర్ర విసిరేశాడు. సేల్స్ ఆఫీసర్ డేరా ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. కోపమంతా దిగిపోయి ఏడుపొచ్చింది.

“ఏమేవ్, వింటున్నావా? తప్పయిపోయింది. ఏ ఆదివారమూ ఆడిట్ లేదు. ఈ ఎండాకాలమంతా మేమిద్దరం ఇక్కడే బంతులు కొట్టుకున్నాం. ఆ అబద్ధం నేర్పింది ఈయనే. ఇంట్లో ఈయనా అదే చెప్పాడు. ఈ పూటతో సరి. లే, చెరువుకి పోదాం.”

లోపల ఎవరో లేచిన అలికిడి. జిప్పు మెల్లగా కిందికి జారింది.

బయటికొచ్చింది మేనేజరుగారి భార్య.