తీసివేత జాబితా

"వచ్చాడమ్మా, తుమ్ము!" అన్నాడు వాచ్‌మన్, తలుపు సందులోంచి తల పెట్టి.

లోపల ఆరుగురూ ఒకేసారి నవ్వారు.

కొత్త ఇమేజీ బయటికి వెళ్ళే రోజు అది. గడప దాటబోతుంటే తుమ్మినట్టు, సరిగ్గా అదే రోజున పాత లాప్‌టాప్ చంకలో పెట్టుకుని దిగుతాడు ఆ పెద్దాయన. అందుకే ఆ పేరు. అసలు పేరు ఎవరూ అడగలేదు.

ముప్పై లైబ్రరీల కంప్యూటర్లను నడిపే లైనక్స్ తయారుచేసి, ఆ మొత్తాన్ని ఒకే ఫైలుగా, అంటే ఇమేజీగా, పెన్ డ్రైవ్‌లలో పంపడం ఆ ఆఫీసు పని. ముందు పెన్ డ్రైవ్ నుంచే నడిపి చూసుకోవచ్చు. నచ్చితే కంప్యూటర్లోకి ఎక్కించుకోవచ్చు. పంపడానికి వారం ముందే, ఎవరైనా పరీక్షించుకునేలా ఒక కాపీ నెట్‌లో పెడతారు.

అందులో ఏ చిన్న ప్రోగ్రాము, వాళ్ళ మాటల్లో ప్యాకేజీ, ఉండాలో, ఏది పోవాలో తేల్చేది ఒకావిడ. అందరూ కత్తెరమ్మ అంటారు. ఆమె దగ్గర రెండు జాబితాలు. మొదటిది, పెన్ డ్రైవ్‌లో ఉండాల్సినవి. రెండోది, కంప్యూటర్లోకి ఎక్కాక ఇక అక్కర్లేదని తీసేసేవి.

"ఏంటి బాబాయిగారూ, ఈసారి ఏం పోయింది?" అంది కత్తెరమ్మ, లోపలికొచ్చిన పెద్దాయనతో.

"అదేనమ్మా. వైఫై."

"పెన్ డ్రైవ్‌తో నడిపినప్పుడు వచ్చిందా?"

"భేషుగ్గా వచ్చింది. ఎక్కించాక పోయింది."

"పాత మిషన్లకే కదా!"

"లైబ్రరీల్లో సగం పాతవేనమ్మా. వాటి వైఫై ప్యాకేజీ నీ రెండో జాబితాలో పడింది. ఆ ఒక్క లైను కొట్టెయ్యి చాలు. లేకపోతే దాన్ని మళ్ళీ తెచ్చుకుందామన్నా నెట్ ఉండదు. బావిలో పడ్డవాణ్ణి బజారుకెళ్ళి నిచ్చెన కొనుక్కోమన్నట్టుంది."

వంటాయన కుర్చీ తిప్పాడు. జాబితా ప్రకారం ఇమేజీ వండేది ఆయనే.

"మేమూ ఎక్కించి చూశామండీ. ఇక్కడ నెట్ బ్రహ్మాండంగా వస్తోంది."

"మీ మిషన్లకు వైరుంది బాబూ."

వంటాయన వంగి బల్ల కింద చూశాడు. వైరుంది. అయినా ఒప్పుకోలేదు. చదువుకున్నవాడు చూసినంత మాత్రాన ఒప్పుకోడు.

"మాకో పద్ధతుందండీ. మూడు లైబ్రరీలు ఫిర్యాదు రాస్తేనే జాబితా ముట్టుకుంటాం. రెండేళ్ళయింది, ఒక్కటీ రాలేదు."

"రాదు" అన్నాడు పెద్దాయన.

"రాదంటే ఇబ్బంది లేనట్టేగా! ఉంటే తెచ్చి చూపించండి, మూడంటే మూడు."

"రాయిస్తే మీకు మాటొస్తుంది కదయ్యా."

"మాటా? కాంట్రాక్టే పోతుంది! వచ్చే నెల్లో రెన్యువల్. ఫిర్యాదులుంటే ఆరుగురం ఇళ్ళకే."

"అందుకే నేనొక్కణ్ణే వచ్చి చెప్తున్నా."

ఈ ముసలాయనకు తిక్క అని వంటాయన కళ్ళతోనే చెప్పాడు. కత్తెరమ్మ గడియారం చూసింది.

"బాబాయిగారూ, ఇది ఏడోసారి. మీ ఒక్కరి లాప్‌టాప్ కోసం ముప్పై ఊళ్ళ జాబితా మార్చలేను. ఇంక మీరు రావద్దు."

ఆయన లాప్‌టాప్ మూశాడు.

"సరేనమ్మా. మిగతాదంతా బాగుంది. ఈసారి అక్షరాలు పెద్దవి చేశావు. నా వయసువాళ్ళు దీవిస్తారు."

ఆయన వెళ్ళాడు. ఇమేజీ కూడా వెళ్ళింది. ఆరుగురూ హాయిగా టీ తాగారు.

పదో రోజున ఫోన్లు మొదలయ్యాయి.

"కొత్తది ఎక్కించాం. వైఫై పోయింది. మనిషిని పంపండి."

"మాకు తిరిగే మనుషులెవరూ లేరండీ" అన్నాడు వంటాయన.

మధ్యాహ్నానికి పదకొండు లైబ్రరీలు. అందరిదీ ఒకటే మాట. మనిషిని పంపండి. అదృష్టం కొద్దీ ఎవరూ కాగితం మీద పెట్టలేదు.

కత్తెరమ్మ రెండో జాబితా తెరిచింది. ఆ లైను అక్కడే ఉంది. చేర్చి రెండేళ్ళయింది. చేర్చిన చెయ్యి తనదే. తీయడానికి అర నిమిషం పట్టింది.

వంటాయన మళ్ళీ వండాడు. ఈసారి వైరు పీకి చూశాడు.

మూడో రోజుకల్లా కొత్త పెన్ డ్రైవ్‌లు అందరికీ చేరాయి. ఫోన్లు ఆగాయి. నెల తిరిగేసరికి కాంట్రాక్టు కాగితం వచ్చింది, మరో మూడేళ్ళకు. ఒక్క ఫిర్యాదూ లేని ఆఫీసు అని అందులో మెచ్చుకోలు కూడా రాశారు.

అందరి మొహాలూ వెలిగిపోయాయి. ఆఫీసంతా పెళ్ళివారిల్లులా ఉంది.

"ఆ పెద్దాయనకు ఒక మాట చెబుదాం. ఆయన చెప్పిందే నిజమైంది" అంది కత్తెరమ్మ.

గేటు దగ్గరి రిజిస్టరు తెప్పించింది. ఏడు తేదీలున్నాయి. ఏడు చోట్లా పేరు గడిలో వాచ్‌మన్ చేతిరాతే: తుమ్ము. ఫోన్ నంబరు గడి ఖాళీ.

"అదేం రాతయ్యా? పేరు అడగొద్దూ!"

"తమరంతా పిలిచే పేరేగా అమ్మా రాశాను!"

కత్తెరమ్మ రిజిస్టరు మూసింది. పెద్దాయన మళ్ళీ రాలేదు. రావద్దనే మాట మర్యాదస్తుడికి ఒక్కసారి చాలు.

ఆ సాయంత్రం ఒక లైబ్రేరియన్ ఫోన్ చేశాడు.

"కొత్తది చాలా బాగుందమ్మా. వైఫై కూడా నిలబడింది. అది సరే, మీ ఆఫీసాయన కనిపించడం లేదేం? ఒంట్లో బాగుందా?"

"మా ఆఫీసాయనా? ఎవరండీ?"

"అదేనమ్మా, రెండేళ్ళుగా మీరు ఏది పంపినా వారం పది రోజుల్లో బస్సు దిగి, ఒక్కో మిషనుకూ వైఫై మళ్ళీ ఎక్కించి, 'మా పిల్లలు కష్టపడి చేస్తున్నారు, ఫిర్యాదు మాత్రం రాయకండి' అని చెప్పి, మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయే పెద్దాయన!"