చుక్క మీద చుక్క

రెండు టెలిస్కోపుల నుంచి వచ్చే కాంతి ఆ నేలమాళిగలో ఒక తెల్ల అట్ట మీద కలవాలి. ఎర్ర చుక్క మీద ఎర్ర చుక్క, అచ్చంగా. తెల్లారేలోపు కలపకపోతే పైగదిలోని శాస్త్రవేత్తలు వెతుకుతున్న నక్షత్రం మళ్లీ ఏడాదికి గానీ దొరకదు. అందరూ అద్దాలాయన అని పిలిచే మెకానిక్ సాయంత్రం నుంచి మరలు తిప్పుతూనే ఉన్నాడు. కలిసినట్టే కలిసి, ఒక చుక్క అలలా వణికి పక్కకు జరుగుతోంది. కుక్క తోక వంకరే నయం.

ఫోన్ మోగింది. పైగదిలోంచి పెద్దాయన.

"ఏమైందయ్యా?"

"నా తలకాయ అయింది. మళ్లీ వణుకుతోందండీ."

"నీ ఊపిరే తగులుతోందేమో. వెచ్చటి గాలికి కాంతి చెదురుతుంది. బిగబట్టి చూడు."

"ఇరవయ్యేళ్లుగా బిగబట్టే చేస్తున్నా. కొత్తగా నేర్పకండి."

ఫోన్ పెట్టేసి, ఏసీ ఆపి, తలుపు గడియ వేసి వచ్చాడు. ఊపిరి బిగబట్టి అట్ట మీదికి వంగాడు. చుక్క వణికింది. ఆగింది. మళ్లీ వణికింది, మళ్లీ ఆగింది. తాపీగా, నిద్రపోతున్న మనిషి ఛాతీ లేచి పడుతున్నట్టు.

భయం కంటే ముందు అతనికి ఒళ్లు మండింది. ఖాళీ గది మీద విరుచుకుపడ్డాడు.

"కాసేపు ఆ ఊపిరి బిగబట్టి చావొచ్చుగా."

చుక్క టక్కున నిలిచిపోయింది. కొలిచి గీసినట్టు రెండూ ఒక్కటయ్యాయి.

మర బిగించడానికి అతనికి చెయ్యి లేవలేదు. తనూ ఊపిరి బిగబట్టాడు. ఇద్దరిలో ఎవరు ముందు వదులుతారా అని ఆ చుక్కనే చూస్తూ ఉండిపోయాడు.